పావుకేజీ పంచదార

జూలై 8, సోమవారం

నెల్లిమర్ల నగర పంచాయితీ ప్రజలకు ముఖ్య విజ్ఞప్తి. మన మైకు పోతురాజు గారు ఈ దినం ఉదయం ఆరు గంటల ఐదు నిమిషాలకి, మంచం దిగకుండా, కాలు చెయ్యి కదపకుండా, నాలుగు వందల మిల్లీలీటర్లు ఒంటికి వెళ్ళినారని తెలియజేయుటకు సంతోషిస్తున్నాము. కావున యావన్మంది ప్రజలు ఈ విషయం గమనించి ఎవరి పనులు వారు చూసుకోవలసిందిగా కోరడమైనది.

ఇది ఆటో మైకులో ఏస్తానంటే జగ్గమ్మ ఒప్పుకోనేదు. నా పెళ్ళానికి ఇలాటివి తెలీవు. అందుకని ఇక్కడ రాస్తన్నాను.

రాయమన్నది డాక్టరు నరసింగరావు గారు. శుక్రవారం నాకు ఒంటేలు కట్టీసి పొట్ట డప్పులాగ అయిపోతే ఇజీనారంలో ఆయన ఆస్పత్రికి తీసుకెల్లినారు. ఈ వయసుకి లోపల గెడ్డ ఒకటి ఉబ్బి దారి మూసీస్తాదట. పైపు ఎట్టి, దానికి సంచి తగిలించి, పది పన్నెండు రోజులు ఇలగే ఉండమన్నారు. ఎన్ని నీళ్ళు తాగినానో, సంచిలోకి ఎంత ఒచ్చిందో రోజూ రాయాలట. పురుగుమందుల కొట్టోడు ఇచ్చిన డైరీ ఉంటే తీసినాను. ఏడో తరగతిలో బడి మానీసినాక ఇంత రాయడం ఇదే. యాబైమూడేళ్ళు ఒచ్చినాయి.

పైపు ఎట్టినోడు గోవిందు. మా ఊరోడే, మిల్లు ఎనక వీధి. ఆ ఆస్పత్రిలో కంపౌండరు. నవ్వడం తెలీదు. పని నేర్సుకున్న కొత్తలో రక్తం సూసి పడిపోయినాడట. ఆ సంగతి నాకు తెలిసింది. ఆడి పెళ్ళికి మైకు నాదే. భోజనాల టైముకి, రక్తము చూసిన కళ్ళు తిరుగు వరుడు గోవిందు గారికి దూరముగా టమాటా పచ్చడి వడ్డించవలసినదిగా కోరుచున్నాము అని ఏసినాను. పెళ్ళికూతురు వైపోళ్ళు కూడా ఇస్తరాకుల మీన పడి నవ్వినారు. ఆ రోజు నుంచి మూర్ఛ గోవిందు. పద్దెనిమిదేళ్ళయ్యింది, పేరు ఇంకా ఊడనేదు.

నిన్న ఇంటికి పంపించినప్పుడు మంచం కాడ నిలబడి ఏటేటో సెప్తన్నాడు. నాను సంచి గొట్టం మైకులాగ పట్టుకుని వార్డుకి వార్తలు సదివినాను. అందరూ నవ్వినారు. ఆడు తప్ప.

నీళ్ళు మూడు లీటర్లు. సంచి పదిహేడు వందలు.

జూలై 9

నీళ్ళు మూడు లీటర్లు. సంచి పదహారు వందల యాబై. సోములు ఒచ్చినాడు. జగ్గమ్మ తమ్ముడు, మిల్లులో పని. బావా, ఈ సంచికి నంబరు ప్లేటు కట్టించీమంటావా అన్నాడు. నా కాడ నేర్సుకున్న ఎటకారం నా మీనే.

జూలై 10

తానం సేసినాను. అక్కడ కూడా సబ్బెట్టి బాగా కడిగినాను. మద్దిలో ఫోను మోగింది. రామతీర్థం రోడ్డులో కొత్త బట్టల కొట్టు, రెండ్రోజులు ఆటో మైకు కావాలట. తడి ఒంటి మీనే లుంగీ సుట్టీసి పరిగెత్తినాను. ఫోన్లో గొంతు రికార్డు సేసి పెన్ డ్రైవులో ఎక్కించీసినాను. పైపు ఉంటే ఏటి, గొంతుకి ఏటీ అవ్వనేదు.

నీళ్ళు మూడు లీటర్లు.

జూలై 11

కొంచెం సలుపు. పైపు కదా, ఉంటాది. కాళ్ళు ఎడంగా ఏసి నడుస్తంటే ఏటయ్యింది మావా అన్నాది జగ్గమ్మ. మోకాలు అన్నాను.

నీళ్ళు మూడు లీటర్లు. సంచి సూడనేదు.

సాయంత్రం. మోకాలే.

జూలై 12

రాయలేను.

జూలై 13

నిన్నటిది ఇయ్యాల రాస్తన్నాను. రాసి తీరాల. ఒకడి పేరు ఇందులో ఉండాల.

ముందు తోలు ఎనక్కి పోయి, కొస కింద ఉంగరంలాగ బిగిసిపోయింది. ముందుకి రాదు. ఉంగరానికి ముందరున్నదంతా వాసిపోయి వంకాయ రంగు. నిన్న పొద్దున్న లుంగీ తగిలితేనే కళ్ళమ్మట నీళ్ళు. కొబ్బరినూనె రాసి లాగినాను. ఇంకా బిగిసింది. అప్పుడు అరిసినాను. జగ్గమ్మ ఒచ్చి సూసి, నోటికి కొంగు అడ్డమెట్టుకుని తమ్ముడికి ఫోను సేసింది.

నా ఆటోలోనే తీసుకెల్లినారు. కంగార్లో సోములు మైకు ఆపడం మర్సిపోయినాడు. ఇజీనారం దాకా నెత్తి మీన నా గొంతే. రండమ్మా రండి, ఒకటి కొంటే ఒకటి ఉచితం. కింద నాను పళ్ళు బిగించి తొంగున్నాను. కోట దాటినాక గాని ఆడికి బుర్రకి తట్టనేదు.

నరసింగరావు గారు సూసి మొహం మార్సీసినారు. అక్కడికి రక్తం ఆగిపోతన్నాదట. ఇంకో పూట ఆగుంటే కొస సచ్చుబడిపోయేదట. ముందు సేత్తో సూద్దాం, రాకపోతే కోసీడమే అన్నారు. కోసీడం అనే మాట ఇన్నాక నాకు మరే మాటా ఇనబడనేదు.

ఆ తరవాత పంచదార తెమ్మన్నారు. సోములు, సార్ మాకు టీలొద్దండి అన్నాడు. టీకి కాదు, వాపులో నీరు పంచదార లాగీస్తాదట. పరిగెత్తి కిరాణా కొట్లో పావుకేజీ తెచ్చినాడు. తడి గుడ్డలో పోసి, దాని సుట్టూ సుట్టి, గంటన్నర ఒగ్గీసినారు. బతికుండగా నాకు జరిగిన అభిషేకం అది.

తరవాత డాక్టరు గారే పట్టుకున్నారు. పిడికిట్లో పెట్టి, ఒదలకుండా, ఒకే బిగువుతో నొక్కినారు. పన్నెండు నిమిషాలు. నాను గోడగడియారం సూసినాను. వాపు ఏళ్ళ కింద తగ్గుతా ఒచ్చింది. అప్పుడు రెండు బొటనేళ్ళతో కొసని లోపలికి తోసి, తోలు ముందుకి లాగినారు. తడిసిన సెప్పులోంచి కాలు ఊడినట్టు, ఒక్క జారు జారి ముందుకి ఒచ్చీసింది. నాను ఏడిసినాను. ఇక్కడ ఎవులూ సదవరు కాబట్టి రాస్తన్నాను.

గోవిందు మూల నిలబడి సూస్తన్నాడు.

ఇది ఆడి పనే. పైపు ఎట్టినప్పుడు తోలు ఎనక్కి లాగి అలగే ఒగ్గీసినాడు. ముందుకి తేనేదు. నాకు ఒక్క ముక్క సెప్పనేదు. కావాలనే. టమాటా పచ్చడి కోసం పద్దెనిమిదేళ్ళు కాసుక్కూసున్నాడు. మనిషి నవ్వకపోతే లోపల ఏటి ఉడుకుతాదో ఎవుడికి తెలుసు.

పైపు ఎట్టింది శుక్రవారం కదా, మరి ఆరు రోజులు ఎందుకు బాగున్నాది మావా అన్నాది జగ్గమ్మ. నీకేటి తెలుసు, నోరు మూసుకో అన్నాను.

జూలై 15

మిల్లు గేటు కాడ టీ కొట్టుకి ఎల్లినాను. సంచి కండువా కింద దాసుకున్నాను. కొట్టు పైడిరాజు గ్లాసు పట్టుకుని, మర్యాదగా, వంగి అడిగినాడు.

"పోతురాజు బాబాయ్, పంచదార లోపలికా, బయటికా?"

షిఫ్టు దిగినోళ్ళు పది పన్నెండు మంది ఉన్నారు. ఒకడికి టీ ముక్కులోకి పోయింది. ఇంకోడు, సీమలు సూసుకో బాబాయ్ అన్నాడు. నాను కూడా నవ్వినాను. నవ్వాల కదా. ఊళ్ళో సగం మందికి పేర్లు నాను ఎట్టినవే. టీ సగంలో ఒగ్గీసి ఒచ్చీసినాను. ఎనక నుంచి ఇనబడింది, పంచదార పోతురాజు అని. బాగా కుదిరింది. నాను ఎట్టినా అంత బాగా కుదరదు.

గోవిందే సెప్పుంటాడు. ఇంకెవుడికి తెలుసు.

ఆణ్ణి ఒగ్గను.

జూలై 16

పెన్ డ్రైవు తయారు. ఇయ్యాల తలుపేసుకుని రికార్డు సేసినాను. గొంతు ఇంత బాగా ఎప్పుడూ పలకనేదు.

ప్రజలకు హెచ్చరిక. మూర్ఛ గోవిందు అను కంపౌండరు చేతిలో మీ మగవారిని పెట్టకండి. పైపు పెట్టును, తోలు మరచును. పాత పగలు మనసులో పెట్టుకుని పేషెంట్ల మర్మస్థానముల మీద తీర్చుకొనును. ఇట్లు, ఒక బాధితుడు.

ఎనకాతల సన్నగా సన్నాయి కలిపినాను. ఆరుసార్లు ఇన్నాను. ఇన్నప్పుడల్లా కడుపు సల్లగా ఉన్నాది. జగ్గమ్మ బయట నుంచి తలుపు కొట్టింది. తియ్యనేదు.

జూలై 17

అయిపోయింది.

పొద్దున్న ఎల్లినాను. పైపు తీసీసినారు. కాసేపటికి నా అంతట నాను ఎల్లినాను, దార బాగా ఒచ్చింది. తరవాత డాక్టరు గారి గదిలోకి ఎల్లి, తలుపేసి, ఫోన్లో అది ఇనిపించినాను. సన్నాయి ఒచ్చేసరికి ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీన ఎట్టినారు.

గోవిందు అలాటోడు కాడు, పదకొండేళ్ళ నుంచి సూస్తన్నాను అన్నారు. ఆటో గేటు కాడే ఉన్నాది సార్ అన్నాను. నాలుగు గుర్రాలు ఏసిన రథంలాగ ఉన్నాది నాకు ఆ మాట అంటంటే.

గోవిందుని పిలిచినారు.

"తోలు సంగతి ఈయనకి సెప్పినావా, నేదా?"

"సెప్పినాను సార్."

"నాకు సెప్పనేదు" అన్నాను.

గోవిందు నన్ను సూసినాడు. ఆడు తిడతాడేమో, మీదకి ఒస్తాడేమో అని కాసుక్కూసున్నాను. ఒచ్చుంటే బాగుణ్ణు. సెప్పినట్టు కాగితం మీన ఈయన సంతకం తీసుకున్నావా అన్నారు డాక్టరు గారు. నేదు సార్ అన్నాడు. సరే, రేపటి నుంచి రావొద్దు గోవిందూ, ఈ మైకుతో నాను పడలేను అన్నారు.

నా మైకుకి ఇంత బలం ఉన్నాదని ఇన్నేళ్ళు నాకే తెలీదు.

జూలై 18

నాటుకోడి తెచ్చినాను. జగ్గమ్మ ఒండింది. తిననేదు. ఉపవాసమట. గురువారం ఏటి ఉపవాసమో.

నీళ్ళు మూడు లీటర్లు.

జూలై 19

సోములు ఒచ్చి అరుగు మీన కూసున్నాడు. కదలడు. ఏట్రా అంటే, తల దించుకుని, కిరాణా కొట్లో పంచదార ఎందుకని అడిగినారు బావా, మాట జారిపోయినాను, తరవాత షిఫ్టులో కూడా సెప్పీసినాను అన్నాడు. గోవిందు ఎవులికీ ఏటీ సెప్పనేదట.

ఎల్లరా ఇంటికి అన్నాను.

అయినా తోలు సంగతి తోలు సంగతే. ఊళ్ళో సెప్పకపోతే ఏటి, సేసింది సేసినాడు కదా. సేసినాడు. పైపు ఎట్టినప్పుడే సేసినాడు.

రాత్తిరి నిద్ర పట్టనేదు. మందుల ఏడి.

జూలై 21, ఆదివారం

గోవిందు ఇంటికి ఒచ్చినాడు.

సైకిలు దిగి గుమ్మం కాడ నిలబడ్డాడు. నాను దుడ్డుకర్ర ఎక్కడున్నాదో కళ్ళతో ఎతికినాను. ఆడు సేతులు సూపించి, కడుక్కోడానికి నీళ్ళియ్యి వదినా అన్నాడు జగ్గమ్మతో. కడుక్కుని లోపలికి ఒచ్చి, తొంగో అన్నా, ఓసారి సూస్తాను అన్నాడు. వారం తరవాత ఓసారి సూడాలట. ఆస్పత్రిలో ఉన్నా నేకపోయినా వారం వారమే కదా అన్నాడు.

తొంగున్నాను. ఏటి సెయ్యాల మరి.

సూసినాడు. తోలు నెమ్మదిగా ఎనక్కి తీసి, ముందుకి తెచ్చీసినాడు. రెండుసార్లు. నొప్పి నేదు. మళ్ళీ ఎనక్కి ఒగ్గీనేదు కదా అని అడిగినాడు. నేదు అన్నాను. లుంగీ సరిసేసి లేసినాడు.

జగ్గమ్మ టీ తెచ్చింది. ఇప్పుడు ఏటి సేస్తావు బాబూ అని అడిగింది.

"భావనపాడు కాడ ఒక క్లినిక్కు ఉన్నాది వదినా. ఒకటో తారీకుకి రమ్మన్నారు. ఇల్లు ఇక్కడే, నాను అక్కడ. మా అమ్మకి కళ్ళు కనబడవు కదా, కదిలించలేం."

అంతే. నా మొహం సూడనేదు. టీ తాగి, గ్లాసు తనే కడిగి బోర్లించి ఎల్లిపోయినాడు.

సైకిలు సందు తిరిగినాక జగ్గమ్మ నా ఎదర కూసున్నాది.

"ఆ రోజు వార్డులో నాను నీ మంచం కాడే ఉన్నాను మావా. రెండుసార్లు సెప్పినాడు. రెండోసారి నన్ను కూడా సూసి సెప్పినాడు. నువ్వు ఆ గొట్టం పట్టుకుని వార్తలు సదువుతన్నావు. నువ్వు బుర్రాడిస్తే ఇన్నావనుకున్నాను."

మరి మొన్న ఎందుకు అననేదే అన్నాను.

నోరు మూసుకోమన్నావు కదా అన్నాది.

జూలై 22

మైకుతో ఎల్లింది మైకుతోనే తెచ్చీవొచ్చు అనుకున్నాను. మిల్లు గేటు కాడ ఆటో ఆపి, పెన్ డ్రైవు కాదు, నిజం గొంతుతోనే సెప్పినాను. కంపౌండరు గోవిందు గారి తప్పు లేదు, తప్పు నాది, ఆయన చెప్పారు, నేను వినలేదు, ఆయన ఉద్యోగం నా వల్ల పోయింది అని.

మొదటి మాటకే నవ్వు మొదలయ్యింది. నా గొంతు ఇంటే జనం ముందే నవ్వుతారు. నలబై ఏళ్ళు నాను అలవాటు సేసినదే. సివర్లో పంచదార ఏది బాబాయ్ అని అరిసినారు. ఎవుడో ఫోన్లో తీసినాడు. పొద్దుగూకేసరికి మా ఊరి గ్రూపులన్నిట్లో తిరిగింది. ఇప్పుడు నా పేరు పక్కన గోవిందు పేరు కూడా సేరింది. పంచదార పోతురాజు, మూర్ఛ గోవిందు. జంట కవులలాగ.

బాగు సేద్దామని ఎల్లి ఇంకా కంపు సేసినాను.

జూలై 23

మైకు ఇంటి కాడ ఒగ్గీసి బస్సులో ఎల్లినాను. డాక్టరు గారు లోపలికి రానిచ్చినారు గాని కుర్చీ సూపించనేదు. నిలబడే సెప్పినాను. ఆయన ఇన్నారు. ఇది కూడా వేళాకోళమా అని అడిగినారు. కాదు సార్ అన్నాను. ఆ మాట నాకే వేళాకోళంలాగ ఇనబడింది.

"నోటితో నువ్వు ఏదైనా సెప్తావు. కాగితం మీన రాసి, సంతకం ఎట్టి తే. ఏది జరిగింది, ఏది నువ్వు కల్పించినావు, ఇడివిడిగా. అప్పుడు ఆలోసిస్తాను."

ఇయ్యాల మంగళవారం. ఒకటో తారీకు వచ్చే గురువారం.

జూలై 24

ముందు ఇక్కడ రాస్తాను. తప్పులు జగ్గమ్మ సూస్తాది, తరవాత తెల్లకాగితం మీన ఎక్కిస్తాను.

అయ్యా, నాను మైకు పోతురాజు. నాను కల్పించినవి ఇవి.

నాకు ఎవులూ సెప్పనేదు అన్నది కల్పితం. గోవిందు సెప్పినాడు. తోలు ఎనక్కి తీసి కడుక్కో, కడిగిన ఎంటనే ముందుకి తెచ్చీ, మర్సిపోకు అన్నాడు. నాకు ఇనబడింది కూడా. ఇనబడనేదని మా ఆవిడ అనుకుంటన్నాది. ఆ ముక్క మీన ఒక జోకు ఏద్దామని సూస్తన్నాను, అందుకని బాగా గుర్తు.

పైపు ఎట్టినప్పుడు ఒగ్గీసినాడన్నది కల్పితం. ముందుకి తెచ్చే ఎట్టినాడు. ఆరు రోజులు బాగానే ఉన్నాది. పదో తారీకున తానంలో ఎనక్కి తీసింది నాను. ఫోను మోగితే అలగే ఒగ్గీసి పరిగెత్తింది నాను.

మోకాలు కల్పితం. పదకొండు పొద్దున్నకే నాకు తెలుసు. సిగ్గుపడి రోజంతా దాసినాను. నాను ఎవుడి సిగ్గునీ అంతసేపు దాయనేదు ఎప్పుడూ.

పద్దెనిమిదేళ్ళ పగ కల్పితం. పగ నాదే. ఆడు నవ్వనేదని నాకు పగ. ఊరంతా నవ్విన జోకుకి ఒక్కడు నవ్వకపోతే ఆ ఒక్కడే కనబడతాడు.

గోవిందు ఊళ్ళో సెప్పినాడన్నది కల్పితం. మా బావమరిది సెప్పినాడు.

పదిహేడో తారీకున పైపు తీసీసినారు అని డైరీలో రాసినాను. తీసింది గోవిందు. నొప్పి తెలీకుండా తీసి, నీళ్ళు ఎక్కువ తాగన్నా అన్నాడు. ఆ పక్క గదిలోకే ఎల్లి నాను ఆడి మీన సెప్పినాను.

రోజూ మూడు లీటర్లు నీళ్ళు తాగినానని మీకోసం రాసినది కూడా కల్పితం. రెండు దాటనేదు.

మీరు పట్టుకున్నారని రాసినది కల్పితం. మీకు తెలుసు. కత్తి తయారు సెయ్యమని సెప్పి మీరు ఫోను మాటాడ్డానికి బయటికి ఎల్లినారు. ఇంకొక్కసారి సూస్తాను సార్ అన్నది గోవిందు. పట్టుకున్నది గోవిందు. ఆడి నుదుటి మీన సెమట కంట్లోకి కారింది, తుడుసుకోడానికి సెయ్యి ఒదల్లేదు. నాను ఏడుస్తంటే మొహం అటు తిప్పుకున్నాడు, నవ్వడానికి కాదు, నాకు సిగ్గుగా ఉంటాదని.

పన్నెండు నిమిషాలు. గోడగడియారం సూసినాను. అది కల్పించనేదు.